నాద ప్రతులు – మాతృకా రక్షణము

తెలుగు కావ్యములను తరతరముల పాఠకులకు అందించినవారు ఇద్దరు. ఒకరు కవి, మరియొకరు లేఖకుడు. కవి కీర్తి లోకమున వెలసినది. లేఖకుని శ్రమ తాటాకు కట్టలలోనే మరుగుపడినది. అచ్చుయంత్రము వచ్చువరకు తెలుగు వాఙ్మయమంతయు లేఖకుల గంటము మీదనే నడచినది. తాటాకు శాశ్వతము కాదు. చెదలు తినును, తేమకు చెడును. కావున ప్రతిని చూచి ప్రతి వ్రాయక తప్పదు. వ్రాసినపుడెల్ల ఒకచోట అక్షరము జారును, ఒకచోట పాదము మారును. చూచినట్లే వ్రాసితిని, దోషమున్న మన్నింపుడని గ్రంథాంతమున లేఖకుడు వేడుకొనుట పూర్వాచారము.

నేడు గ్రంథాలయములు కాపాడవలసినది అక్షరమును మాత్రమే కాదు. హరికథ, బుర్రకథ, నాటక పద్యము, పెద్దల నోటి పాట, వీనినన్నిటిని యంత్రములు పట్టి యుంచుచున్నవి. ఆ ధ్వనికిని ప్రతులు తీయుచున్నారు. పూర్వపు లేఖక దోషము ఇచ్చట వేషము మార్చుకొని మరల ప్రవేశించినది. దీని చరిత్రము గ్రామ గ్రంథాలయముల వారు తెలిసికొనదగినది.

బ్రౌనుదొర చూపిన త్రోవ

ఛార్లెసు ఫిలిప్పు బ్రౌను 1820లో కడపకు ఉద్యోగియై వచ్చెను. నాటికి తెలుగు గ్రంథములు మూలమూలల చెదరి, తప్పులతో నిండి యుండెను. ఆయన సొంత వ్యయముతో పండితులను, లేఖకులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు సేకరించి, పాఠములను సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో ప్రకటించెను. ఆయన పద్ధతిలోని సారమిది: చేతికి దొరికిన ప్రతిని నమ్మి ఊరకుండరాదు, మూలమునకు దగ్గరగా నున్న దానిని వెదకవలెను.

అక్షరము నిలిచెను, వరుస పోయెను

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు తిరుమలలో రాగిరేకులపై చెక్కబడి, ఆలయ భాండారమున చిరకాలము మరుగున నుండెను. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున వేటూరి ప్రభాకరశాస్త్రి మొదలగు పండితులు వానిని పరిష్కరించి వెలుగులోనికి తెచ్చిరి. రేకులపై సాహిత్యము కలదు, రాగము పేరును కలదు. కాని ఆచార్యులు పాడిన వరుస లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వానిలో ననేకములకు క్రొత్తగా స్వరములు కూర్చవలసి వచ్చెను. రాగి ఎంత గట్టిదైనను నాదమును మోయలేకపోయినది. నాదమునకు వేరొక పాత్ర కావలసి యుండెను.

పళ్లెములు, నాడాలు

ఆ పాత్ర 1877లో దొరకినది. ఎడిసను ఫోనోగ్రాఫు యంత్రమున మానవ కంఠమును పట్టి, మరల వినిపించెను. పదేండ్ల తరువాత బెర్లినరు గుండ్రని పళ్లెముపై గీతగా ధ్వనిని చెక్కు గ్రామఫోనును కనిపెట్టెను. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తా వచ్చి గౌహర్ జాన్ మొదలగు గాయకుల పాటలను పట్టుకొనిపోయిరి. అది మొదలు గ్రామఫోను రికార్డులు దేశమంతట వ్యాపించినవి.

తిరువూరు ప్రాంతమువారికి ఈ కథలో సొంత భాగము కలదు. సమీపమున నున్న మైలవరములో వెలసిన బాలభారతీ నాటక సమాజము ఆంధ్ర రంగస్థలమునకు మేటి నటులను ఇచ్చినది. అందు ప్రసిద్ధి కెక్కిన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యములు రికార్డులపై కెక్కి ఊరూర మ్రోగినవి. అయితే నిముసమునకు 78 మారులు తిరుగు ఆ రికార్డు ఒక ప్రక్క పట్టునది ఇంచుమించు మూడు నిముసములు మాత్రమే. రంగస్థలముపై వన్స్ మోరుల నడుమ సాగదీసి పాడెడి రాగము అచ్చట మూడు నిముసములకు తల వంచవలసి వచ్చెను. నాదమును కుదించుట నేటి వింత కాదు. అది నాడే మొదలైనది.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలసినది. 1963లో ఫిలిప్సు కంపెనీవారు చిన్న పెట్టెలో ఇమిడెడి క్యాసెట్టును ప్రదర్శించిరి. తరువాత రెండు దశాబ్దులలో టేపు రికార్డరు గ్రామముల కెల్ల వచ్చినది. నాటి శ్రోతలకు ఒక సంగతి బాగుగా తెలియును. క్యాసెట్టు నుండి క్యాసెట్టుకు, దాని నుండి మరియొక దానికి ఎక్కించినకొలది బుసబుస పెరుగును, గొంతు మసకబారును.

అంకెలుగా మారిన నాదము

1982లో సీడీ వచ్చినది. అందు ధ్వని గీత కాదు, అంకెల వరుస. సెకనుకు 44,100 మారులు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను వ్రాయుదురు. అంకెలను ఉన్నవి ఉన్నట్లు ఎన్ని మారులు నకలు చేసినను దోషము రాదు. లేఖకుల బాధ తీరినదని లోకము సంతసించినది. కాని సీడీలోని ఒక్క సెకను నాదమునకు దాదాపు 14 లక్షల 11 వేల బిట్లు కావలెను. ఆనాటి కంప్యూటర్లకును, టెలిఫోను తీగలకును అది మోయరాని బరువు.

జర్మనీలో ఎర్లాంగెను పట్టణమున కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గు మొదలగువారు ఈ బరువు తగ్గించుటకు పాటుపడిరి. వారి పరిశోధన 1993లో ప్రకటితమైన ప్రమాణమున భాగమైనది. 1995లో దానికి ఎంపీ త్రీ అను పొట్టి పేరు స్థిరపడినది. వారి యుక్తి చక్కనిది. రథోత్సవమున డప్పులు మ్రోగుచుండగా ప్రక్కవాని గుసగుస వినబడదు. వినబడని దానిని వ్రాయనేల? చెవికి అందని దానిని విడిచి, అందు దానినే వ్రాసిన చాలును. ఇట్లు సెకనుకు 1,28,000 బిట్లతో, అనగా పదునొకండవ పాలుతో, పాట వినదగియే యుండెను. 1997లో ఏఏసీ అను మరియొక పద్ధతియు, ఆ తరువాత మరికొన్నియు వచ్చినవి. ఒక్కొక్కదాని విడిచిపెట్టు సూత్రము ఒక్కొక్క తీరు.

మార్చినదానిని మరల మార్చుట

చిక్కు ఇచ్చటనే కలదు. ఒక పద్ధతిలో కుదించిన ఫైలును మరియొక పద్ధతిలోనికి మార్చునపుడు, మొదటి పద్ధతి విడిచినది తిరిగి రాదు. రెండవ పద్ధతి తన వంతు మరికొంత విడుచును. భూమి లెక్కతో ఇది తేటపడును. ఒక చేను 3 ఎకరముల 36 సెంట్లు. మొదటి లేఖకుడు పదేసి సెంట్లకు సవరించి 3 ఎకరముల 40 సెంట్లని వ్రాసెను. రెండవవాడు పాతిక సెంట్ల లెక్కకు సవరించువాడు. అతడు ఆ 40ని చూచి 3 ఎకరముల 50 సెంట్లని వ్రాసెను. తప్పు 14 సెంట్లు. అతడే అసలు చిట్టాను చూచి యుండినచో 3 ఎకరముల 25 సెంట్లని వ్రాసెడివాడు. తప్పు 11 సెంట్లతో పోయెడిది. ఇద్దరును తమ తమ సూత్రమును పాటించిరి. అయినను నకలుకు నకలు వ్రాయుటచే తప్పు పెరిగినది.

ఇక 3 ఎకరముల 50 సెంట్ల అంకెను పెద్ద పుస్తకమున పెద్ద అక్షరములతో వ్రాసినను పోయిన నిజము మరలి రాదు. అట్లే 1,28,000 బిట్ల ఫైలును 3,20,000 బిట్లకు మార్చిన ఫైలు లావగును గాని పాట మెరుగుపడదు. పలుమార్లు మార్చిన పాటలో తాళముల మ్రోత నీటి గలగలవలె మారును. శ, ష, సల భేదము మసకబారును. పద్యమునకు ప్రాణమైన ఉచ్చారణయే ముందుగా దెబ్బతినును.

అన్ని కుదింపులును ఒకటి కావు. పంచెను మడత పెట్టిన నూలుపోగైన పోదు. విప్పిన యథాతథముగా నుండును. కత్తెర వేసిన ముక్క తిరిగి అతుకదు. 2001లో వచ్చిన ఫ్లాక్ అను పద్ధతి మడత వంటిది; ఎంపీ త్రీ, ఏఏసీలు కత్తెర వంటివి. మడత పెట్టినది స్థలము కొంత ఎక్కువ తీసికొనును, కాని ఒక్క అంకెయు పోగొట్టదు.

గ్రంథాలయ ధర్మము

రాగిరేకులవలె ధ్వనికిని ఒక మాతృక యుండవలెను. క్యాసెట్టు నుండి ఎక్కించునపుడు కుదింపు లేకుండ గాని, ఫ్లాక్‌లో గాని ఎక్కించుట మేలు. ఎక్కించితిమి గదా యని క్యాసెట్టును పారవేయరాదు. సెల్‌ఫోనులో పట్టిన పాట మొదటనే కుదించబడి యుండవచ్చును. అయినను ఆ మొదటి ఫైలే దానికి మాతృక. దానిని మార్చక, ఉన్నది ఉన్నట్లు నకలు తీసి రెండు మూడు చోట్ల దాచవలెను. ఒక చందాదారుని యంత్రమున ఆ ఫైలు పలుకకున్న, మాతృక నుండి అతనికి తగిన రూపమున ఒక ప్రతి తీసి ఈయవచ్చును. ఆ ప్రతి నుండి మరల ప్రతి తీయరాదు. కోతలు, కూర్పులు అవసరమైనను మాతృకను చూచియే చేయవలెను. పాడినవారి పేరు, ఊరు, తేది, ఏ పద్ధతిలో పట్టిరో ఆ వివరము ఒక పుస్తకమున ఎక్కించుట లెక్క తెలిసినవారి లక్షణము.

బ్రౌనుకు ఒక ప్రతి చెడిన వేరొక ప్రతి దొరకెను. గ్రామములోని ఒక వృద్ధురాలి పాటకు రెండవ ప్రతి ఎచ్చటను ఉండదు. ఆమె కంఠము ఆగిన పిదప మిగులునది ఆ ఒక్క మాతృకయే. పుస్తకమును చిరుగకుండ కాపాడు గ్రంథాలయము ఆ నాదమును తరుగకుండ కాపాడినచో, రాబోవు తరము పాట పేరును మాత్రమే కాక పాటను కూడ వినగలదు.