కార్యమపూడి వీరులు: చరిత్రయు, జనస్మృతియు



యుద్ధములు రెండు విధములు. పరరాజు దండెత్తి వచ్చినపుడు జరుగునది యొకటి. ఒక యింటి యన్నదమ్ములు పాలు పంచుకొనలేక చేసికొనునది మఱియొకటి. మొదటిదానికి అంతము కలదు. శత్రువు ఓడి మరలిపోవును, లేదా గెలిచి యేలిక యగును. రెండవదానికి అంతము దొరకుట దుర్లభము. అందు చంపినవాఁడును చచ్చినవాఁడును ఒకే గోత్రమువారు. మైల యిరువురకును పట్టును. తిలోదకములు విడువవలసినవాఁడు కత్తి దూసినవాఁడే. అట్టి పోరున పడినవారు జనుల తలఁపులో నెట్లు నిలుచుదురో, దయ్యములై, వీరులై, వేల్పులై యెట్లు మరలి వత్తురో, పలనాటి యుద్ధము నాధారముగాఁ గొని యీనాఁటి ప్రసంగమున మనవి చేసెదను.

ఈ సంగతిని లోఁతుగా నెఱిఁగినవాఁడు వ్యాసభగవానుఁడు. భారతయుద్ధము ముగిసిన పిదప గంగయొడ్డున ధర్మరాజు చచ్చినవారికి నీళ్లు విడుచుచుండఁగా, కర్ణునకును విడువుమని కుంతి చెప్పినది. అతఁడు మీ యన్న యని యప్పుడు బయలుపఱచినది. పేరును వరుసయు తెలియనిచో తర్పణము చెల్లదు గదా! అనఁగా తోడఁబుట్టువుల పోరు ముగియవలెనన్నచో, ముందుగా చచ్చినవాఁడు మనవాఁడే యని యొప్పుకొనవలెను. మఱల ఆశ్రమవాసపర్వమున, యుద్ధమై పదునైదేండ్లు దాటిన పిమ్మట, వ్యాసుఁడు గంగలోనుండి చచ్చిన వీరుల నందఱను ఒక్క రాత్రి కొఱకు రప్పించును. ఇరుపక్షములవారును వైరము మఱచి కలిసికొందురు; తెల్లవాఱునప్పటికి మరలిపోవుదురు. పదుమూఁడవ శతాబ్దిలో తిక్కన సోమయాజి యీ కథను తెనిఁగించునాఁటికి పలనాటి పోరు జరిగి రమారమి మూఁడు తరములు మాత్రమే గడచినవి. ఆనాఁటి తెలుఁగు శ్రోతలకు అన్నదమ్ముల పోరనఁగా పురాణము మాత్రమే కాదు, తాతలు చెప్పిన మాటయు నని మఱువరాదు.

పలనాటి కథ మీరెఱిఁగినదే. అయినను ప్రధానాంశములను జ్ఞప్తికిఁ దెచ్చెదను. అనుగురాజు హైహయవంశజుఁడు. వెలనాటి ప్రభువుల యల్లుఁడై పలనాడును అరణముగాఁ బొందె నందురు. అతని పిమ్మట పెద్దకొడుకు నలగామరాజు గురజాలలో రాజయ్యెను. సవతితమ్ముఁడు మలిదేవరాజు పాలు పంచుకొని మాచెర్లకుఁ బోయెను. అన్న పక్షమున నాయకురాలు నాగమ్మ, తమ్ముని పక్షమున బ్రహ్మనాయుఁడు మంత్రులు. కోడిపందెమున మాచెర్లవా రోడి, యేడేండ్లు నాడు విడిచిపోయిరి. మందాడిలో నుండఁగా వారి పసులమందపై దాడి జరిగినది. గడువు తీఱిన పిదప తమ పాలు తమ కిమ్మని యడుగుటకై నలగామరాజునకు అల్లుఁడే యగు అలరాజును రాయబారిగాఁ బంపిరి. అతఁడు చర్లగుడిపాడున విషప్రయోగమునకు బలియయ్యెను. భార్య పేరిందేవి సహగమనము చేసెను. ఆపైఁ గార్యమపూడి రణరంగమున బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుఁడు మొదలుగాఁ గల వీరులందఱును మడిసిరి. దీనిని 1182వ సంవత్సరమున జరిగినదని చెప్పుట పరిపాటి.

ఈ పోరున నెవరు గెలిచిరి? పాఠశాలలో నేను ఈ కథ చెప్పినప్పుడెల్ల పిల్లలు తప్పక యడుగు ప్రశ్న యిదియే. నలగామరాజు గద్దె మీఁదనే మిగిలెనని కథ చెప్పును. కాని యేలుటకు మిగిలిన దేమి? ఒక తరము యోధులు పోయిరి. వెలనాటివారి బలము క్షీణించెను. 1185 నాఁటికి త్రిపురాంతకమున కాకతి రుద్రదేవుని శాసనము నిలిచెను. అన్నయుఁ దమ్ముఁడును పోరాడిన నేల కొలఁది కాలములోనే ఓరుగల్లు నీడ క్రిందికిఁ బోయినది. గెలిచిన పక్షము మఱుఁగున పడినది. చచ్చినవారు మాత్రము నేఁటి వఱకు కారెంపూడిలో పూజలందుకొనుచున్నారు.

ఈ విచిత్రమును కొంచెము విచారింతము. మన శాస్త్రములు అకాలమరణమును దుర్మరణమన్నవి. ఆయువు తీఱక, కోరిక తీఱక, కొడుకు చేతి పిండ మందక పోయినవాఁడు ప్రేతమై తిరుగునని జనుల నమ్మకము. బాలచంద్రాదు లందఱు నట్టివారే. వారిని ఊరక విడిచినచో దయ్యములగుదురు; పిలిచి, పేరుపెట్టి, తావిచ్చి, కూడు పెట్టినచో వీరు లగుదురు. ప్రేతమునకును వీరునకును గల భేదము చచ్చిన తీరులో లేదు. బ్రదికినవారు చేసిన మర్యాదలో నున్నది. మగవాఁడు వీరుఁ డగుటయు, సహగమనము చేసిన యిల్లాలు పేరంటా లగుటయు తెలుఁగునాఁట నెల్లెడలఁ గలదు. పలనాటి ప్రత్యేకత యేమనఁగా, ఇచ్చట నొక్కఁడు కాక ఒక సేన యంతయు వేల్పులైనది. కార్యమపూడిలోని వీరుల గుడిలో లింగరూపమున నున్నవారు ఆ పోరున మడిసిన వీరులే యని భక్తుల విశ్వాసము. అంకాలమ్మయు పోతురాజును వారికిఁ దోడు.

ఏటేఁట కార్తిక బహుళ అమావాస్య మొదలుకొని యైదు దినములు అచ్చట వీరారాధన జరుగును. వీరాచారవంతులు దూరదూరపు టూళ్లనుండి తమ యిండ్లలో దాఁచుకొన్న కొణతములనెడు వీరాయుధములను మోసికొని వచ్చి, నాగులేటి నీట శుద్ధిచేసి, వీరుల గుడికిఁ దెత్తురు. వీరవిద్యావంతులు చేతఁ గత్తి పట్టి, పంబజోడు మ్రోఁగ, తిత్తి యూఁదఁగా కథ పాడుదురు. వినుచున్నవారికి వీరుఁడు పూనును. అప్పుడు పెద్దవాఁడును పసివానివలె వణఁకును. సౌమ్యుఁడును కత్తి పట్టి గంతులు వేయును. దీనిని వెఱ్ఱి యని కొట్టివేయుట సులభము. కాని యెనిమిది వందల యేండ్ల క్రింద చచ్చినవాఁడు తన మాట చెప్పుకొనుటకు నేఁటివాని నోటిని అడుగుచున్నాఁడని వారు తలఁతురు. ఆ తలఁపును మనము మన్నింపవలెను.

ఆ యైదు దినముల పేళ్లు వినుఁడు: రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు. ఇందొక విశేషము నాకుఁ దోఁచినది. కథలో కోడిపోరు ముందు, తరువాత మందపోరు, ఆ తరువాత రాయబారము. ఉత్సవములో నీ మూఁడును తలక్రిందుగా నున్నవి. రాయబారమునుండి మందపోరునకును, అటనుండి కోడిపోరునకును వెనుకకు నడచి, అంతట హఠాత్తుగా చావునేలయగు కళ్లిపాడునకు వచ్చి పడుదురు. ఈ క్రమ మేల యేర్పడెనో చెప్పుటకు శాసనము లేదు. అయినను ఇంట చావు చూచినవారి కిది తెలియని నడక కాదు. దుఃఖము ముందునకు నడవదు. నిన్న నతఁడు పయనము కట్టకున్న బాగుండెడిది, మొన్న నా మాట రాకున్న బాగుండెడిది, అసలా పందెమే లేకున్న బాగుండెడిది, అనుచు వెనుకకే నడచును. మొదటి తప్పు దొరకినదనుకొనునప్పటికి శవము ముంగిటనే యుండును.

చచ్చినవారి సంగతి యిది. చావనివాని సంగతి యింకను వింత. కొడుకును గోలుపోయిన బ్రహ్మనాయుఁడు గుత్తికొండ బిలమునఁ బ్రవేశించెనని చెప్పుదురు. నేఁటికిని లోపలఁ దపస్సు చేయుచున్నాఁడని నమ్మువారు కలరు. పోరు నడపిన పెద్దకు సుఖమైన చావును జనస్మృతి యీయలేదు. వెలుఁగులో బ్రదుకును నీయలేదు. చీఁకటి గుహలో నుంచి కాపాడినది. ఇది గౌరవమా, శిక్షయా యని నన్నడిగినచో రెండును అని చెప్పుదును.

ఇఁక నాగమ్మ మాట. వీరులగుడిలో పూజ లందువారు ప్రధానముగా మాచెర్ల పక్షమువారు. గురజాల పక్షమునఁ బడిన కాల్బలమునకు పాట లేదు, దీపము లేదు. పైఁగా పోరు పాపమంతయు ఒక స్త్రీ తలపై మోపఁబడినది. కోడిపందెము నిరువురు నాడిరి. పణము నిరువురు నొడ్డిరి. నెపము మాత్ర మొక్కతెది. గుహలోని బ్రహ్మనాయునికి భక్తులు దొరకిరి; ఆమె పేరు మాత్రము నాయకురాలి కనుమ యని కొండదారికి మిగిలినది. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు ‘నాయకురాలు’ అను నాటకము వ్రాసి యామె పక్షమునఁ గొంత న్యాయము చేఁబూనిరి. కాని పాట యొకమాఱు కుదిరిన పిదప నాటకములకుఁ గదలదు. కుంతి గంగయొడ్డునఁ జేసిన పని, అవతలి పక్షమువానిని మనవాఁడని పేరుపెట్టి చెప్పుట, పలనాఁట నింకను పూర్తి కాలేదని నాకుఁ దోఁచుచున్నది.

అయినను ఆ యుత్సవములోనే దీనికి మందును గలదు. మందపోరు నాఁడు చాపకూడు పెట్టుదురు. చాపలు పఱచి, అన్నము రాశిపోసి, కులభేదము లేక అందఱు నొక్కచోఁ గూర్చుండి భుజింతురు. ఇది బ్రహ్మనాయుఁడు పెట్టిన యాచారమందురు. మాలవంశమునఁ బుట్టిన కన్నమదాసును ఆయన కొడుకుగాఁ జేకొని సేనాపతిని చేసెనని గాథ. కత్తులకుఁ బూజ జరుగు చోటనే కూటికిఁ బంక్తిభేదము లేకుండుట సామాన్య విషయము కాదు. చచ్చినవారు బ్రదికినవారిని రెండు కోరుదురు. పగ తీర్పుమనుట యొకటి, కూడు పెట్టుమనుట రెండవది. మొదటి కోరిక వినిన యూళ్లు మఱల వల్లకాడులైనవి. తరతరముల ముఠాకక్షలలో తండ్రి పగకై కొడుకు కత్తి పట్టిన కథలు మనమెఱుఁగనివి కావు. రెండవ కోరిక వినిన చోట దయ్యము వేల్పైనది.

2022లో పలనాడు పేరనే యొక జిల్లా యేర్పడినది. గురజాలయు, మాచెర్లయు, కారెంపూడియు నొక్క జిల్లాలోనివే. ఎనిమిది వందల యేండ్ల క్రిందట పంచుకొనలేక పోరాడిన నేల యిపు డొక్క పేరు క్రింద నున్నది. కార్తికమున నాగులేటిలో ఆయుధములు కడుగువారు, ఆ నీటినే ఒక్క దోసిలి అవతలి పక్షమున చచ్చి పేరు మిగులని బంటుకును విడుతురు గాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.