మందార పొదలో చరిత్ర పాఠం

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. కాని పెరట్లోని ఒక పొదను చూసి కూడా చరిత్ర చదవవచ్చు. అండమాన్ దీవుల్లోని ఒక మందార పొదను ఉదాహరణగా తీసుకుందాం.

వానలు పడ్డాక ఆ పొద మీదికి గుండె ఆకారపు ఆకులున్న సన్నని తీగ ఒకటి పాకుతుంది. దాని పేరు మికానియా మైక్రాంథా. నిమిషానికి మైలు పాకే తీగ అని ఇంగ్లీషులో దానికి మారుపేరు. అది అతిశయోక్తే. అయినా అనుకూల వాతావరణంలో లేత తీగ రోజుకు 8 సెంటీమీటర్ల వరకు పెరగగలదు. కొద్ది వారాల్లో అది పొదను దుప్పటిలా కప్పేస్తుంది. ఎండ తగలక మందారం ఆకులు ఆహారం తయారుచేసుకోలేవు. బరువుకు కొమ్మలు వంగిపోతాయి.

ఈ తీగ పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాలు. మరి ఇంత దూరం ఎలా వచ్చింది? రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఈశాన్య భారతంలోని విమానాశ్రయాలను శత్రువుల కంటపడకుండా కప్పడానికి దీన్ని పెంచారని చాలా రచనల్లో కనిపిస్తుంది. జావాలోని బోగోర్ ఉద్యానవనానికి మాత్రం 1949లో పరాగ్వే నుంచి తెప్పించారు. లాంటానా కథా ఇలాంటిదే. 1809లో కలకత్తా వృక్షోద్యానానికి అందమైన పూలమొక్కగా వచ్చి, అడవుల పాలిట కంటకమయింది. దాన్ని అదుపు చేయడానికి 1921లో దాని కాయలను తొలిచే ఈగను తెప్పించినా అది లొంగలేదు. తేవడం తేలిక, వెనక్కి పంపడం కష్టం!

అండమాన్‌లో ఇలాంటి మొక్కలకు చోటు ఎలా దొరికింది? 1858 మార్చి 10న డాక్టర్ జేమ్స్ ప్యాటిసన్ వాకర్ 200 మంది ఖైదీలతో పోర్ట్ బ్లెయిర్ చేరాడు. 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన నగరం అదే. ఆనాటి నుంచి నివాసాలకు, తోటలకు, కలపకు అడవిని కొట్టడం మొదలయింది. నీడగా ఉన్న నేల మీద ఎండ పడింది. ఎండను ఇష్టపడే కలుపు జాతులకు అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు మన పొద సంగతి చూద్దాం. తీగను పట్టుకుని గుంజకండి. మందారం కొమ్మలు విరుగుతాయి, తీగ వేరు మాత్రం నేలలోనే ఉండిపోతుంది. ముందుగా మొదలు వెతికి, నేలకు దగ్గరగా కోయండి. కణుపు నేలను తాకిన ప్రతిచోటా కొత్త వేళ్లు పుడతాయి కనుక వాటన్నిటినీ తవ్వి తీయండి. పైన మిగిలిన తీగను ఎండనిచ్చి, అప్పుడు మెల్లగా విప్పండి. కోసిన ముక్కలను తడినేల మీద పారేస్తే మళ్లీ చిగురిస్తాయి. గచ్చు మీద పూర్తిగా ఎండబెట్టాలి. ఈ పని పూత రాకముందే చేయాలి. ఎందుకంటే నూగున్న దాని విత్తనాలు గాలిలో ఎగిరిపోతాయి. మళ్లీ వానలు పడ్డాక మరోసారి చూసుకోవాలి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. మందారం కూడా ఆ దీవుల్లో పుట్టిన మొక్క కాదు, మనుషులు తెచ్చి నాటినదే. కాని అది నాటినచోటనే ఉంది, పక్కవాటి ఎండను దోచుకోలేదు. బయటి నుంచి వచ్చిన మొక్కలన్నీ శత్రువులు కావు. వచ్చినచోట ఏం చేస్తున్నాయన్నదే ప్రశ్న.

కొత్త మొక్కను ఇంటికి తెచ్చేముందు అది కంచె దాటితే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. 1809లో ఆ ప్రశ్న ఎవరూ వేసుకోలేదు. మీరు వేసుకోగలరు.