యాతెంగా రాతికట్టలు

పేదగ్రామమునకు ధనము పంపుట తేలిక. ఆ ధనముతో చేసిన పని పది వర్షాకాలములు గడచినను నిలుచునట్లు చేయుట కష్టము. ఈ భేదము ఎచ్చట కలుగుచున్నదో పశ్చిమాఫ్రికాలోని యాతెంగా ప్రాంతపు చరిత్ర మనకు చక్కగా తెలుపుచున్నది.

యాతెంగా బుర్కినా ఫాసో దేశములోనిది. 1984వ సంవత్సరమునకు పూర్వము ఆ దేశమునకు అప్పర్ వోల్టా యని పేరు. అచ్చటి ప్రజలలో పెక్కుమంది మోస్సి జాతివారు. సజ్జలు, జొన్నలు పండించి జీవించువారు. సంవత్సరమునకు వానలు మూడు నాలుగు మాసములే. ఆ కొలది వానయు ఒక్కుమ్మడిగా కురిసి, గట్టిపడిన నేలలో ఇంకక, పైమన్నును కొట్టుకొనిపోవును.

దీనిని మాన్పుటకై 1962 మొదలు 1965 వఱకు గొప్ప ప్రయత్నము జరిగెను. విదేశపు నిపుణులు యంత్రములు తెచ్చి, లక్ష యెకరములకు మించిన నేలలో మట్టికట్టలు వేయించిరి. కాని కట్ట ఎటు పోవలెనో చేనివానిని అడిగినవారు లేరు. తనది కాని కట్టకు గండి పడినపుడు రైతు పార పట్టలేదు. కొన్ని యేండ్లలోనే కట్టలు కరగిపోయెను. అంతలో 1968 మొదలు 1973 వఱకు ఘోరమైన క్షామము వచ్చెను.

ఇంతకు మునుపే, 1967లో, బెర్నార్డ్ లెదెయా ఉద్రావొగో యను ఉపాధ్యాయుడు వేఱొక త్రోవ పట్టెను. ఊరి యువజనులు కూడి పొలము పనులు చేయు ‘నామ్’ అను సంఘము మోస్సివారిలో పూర్వమునుండియు కలదు. ఆతడు క్రొత్త సంఘమును స్థాపింపక, ఆ పాతదానినే గ్రామాభివృద్ధికి ఆధారముగా చేసికొనెను.

1979లో ఇంగ్లండునందలి ఆక్స్‌ఫామ్ అను ధర్మసంస్థ యాతెంగాలో వాననీటిని నిలిపి చెట్లు పెంచు పని ప్రారంభించెను. ఆ నీరు తిండిగింజల చేలకే కావలెనని రైతులు కోరిరి. సంస్థవారు తమ పథకమును పట్టుకొని వ్రేలాడక, దానిని మార్చుకొనిరి. వాలునకు అడ్డముగా రాళ్లు పేర్చుట అచ్చటి రైతుల పాత అలవాటే. రాళ్ల సందులనుండి నీరు మెల్లగా పాఱును. ఒండ్రును, ఆకును, పేడయు వెనుక నిలిచిపోవును. కాని వాలు మిక్కిలి తక్కువైన చోట సరియైన మట్టము కంటికి తెలియదు. మన తాపీమేస్త్రీలు నీరుపోసిన గొట్టముతో గోడ మట్టము చూచునట్లే, వారికిని అట్టి గొట్టము నొకదానిని ఇచ్చిరి. చదువురాని రైతులు సైతము కొలది దినములలో దానిని వాడ నేర్చిరి. సంస్థ ఇచ్చినది గొట్టమును, శిక్షణమును. రాళ్లు ఏరినదియు, మోసినదియు, పేర్చినదియు గ్రామస్థులు.

ఆ కాలముననే యకూబా సవడోగో యను రైతు ‘జాయి’ అను పాత పద్ధతిని బాగుచేసెను. వేసవిలో చిన్న గుంటలు త్రవ్వి, ఎరువు వేసి, వాన పడగనే విత్తుట ఈ పద్ధతి. పనికిరాదని విడిచిన నేలలో మరల పంట పండెను. ఆతడు 2023లో మరణించెను.

ఇందులో కష్టము లేదని చెప్పరాదు. రాళ్ల బరువు చాలవఱకు స్త్రీల తలలపైననే పడెను. ఇంటిలో పనిచేయు చేతులు లేనివారి చేలు వెనుకబడెను. ఇటీవలి సంవత్సరములలో సాయుధుల దౌర్జన్యమువలన పెక్కుమంది తమ ఊళ్లు విడిచిపోవలసివచ్చెను. ఇది రాతికట్టలు ఆపగల విపత్తు కాదు.

అయినను ఒక మాట స్థిరపడినది. యంత్రములు వేసిన మట్టికట్టలకును, చేతులు పేర్చిన రాతికట్టలకును గల భేదము మన్నునందు గాని రాతియందు గాని మాత్రమే లేదు. నిర్ణయము ఎవరిదన్న విషయమునందు కలదు. కావున ఏ గ్రామమునకైనను సహాయము వచ్చినపుడు, ఎంత ఇచ్చెదరని అడుగుటకు ముందు, ఇది చెడినపుడు బాగుచేయువారెవరు, వారిని ఇప్పుడు సంప్రదించితిరా యని పెద్దలు అడుగవలెను.