తెల్లబట్ట చరిత్ర: జర్మనీ నుండి గడ్చిరోలి దాకా

ఈ పోస్టు పెట్టాలా వద్దా అని మా హాస్టల్ అమ్మాయిలం నెల రోజులు వెనకాముందు ఆడినం. విషయం అట్లాంటిది. అన్నలు, తమ్ముళ్ళు కూడా సిగ్గుపడకుండా చివరిదాకా చదవాలె.

ఏడో నెల బిడ్డ బతుకుతడు, ఎనిమిదో నెల బిడ్డ బతకడు అని మన గూడేల్లో అంటరు. అది నిజం కాదు. కడుపులో ఎన్ని రోజులు ఎక్కువ ఉంటే బిడ్డకు అంత బలం. 37 వారాలు నిండకముందే పుడితే దాన్ని నెలలు నిండని కాన్పు అంటారు. బిడ్డ దక్కకపోతే మాట పడేది మాత్రం తల్లే. బరువు ఎత్తిందని, వాగు దాటిందని, తినకూడనిది తిన్నదని. అసలు కారణాలు చాలా ఉంటయి: బీపీ, కవలలు, మలేరియా, ఇన్ఫెక్షన్లు. వీటిలో ఒకదాని గురించే ఎవరూ నోరు విప్పరు.

1892లో జర్మనీలో ఆల్బర్ట్ డోడర్లైన్ అనే డాక్టర్ ఒక పుస్తకం రాసిండు. అప్పట్లో అక్కడ బాలింత జ్వరంతో ఎంతోమంది చనిపోతుండేవాళ్ళు. దాని మూలం వెతుకుతూ ఆయన యోని స్రావాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే, పుల్లల్లాంటి బ్యాక్టీరియా కనిపించింది. అవి లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తయి, ఆ పులుపులో చెడ్డ క్రిములు పెరగవు అని చెప్పిండు. పాలను పెరుగు చేసే బ్యాక్టీరియాకు ఇవి చుట్టాలు. తర్వాత వీటికి లాక్టోబాసిల్లస్ అని పేరు వచ్చింది.

ఈ పుల్లలు తగ్గి వేరే రకాలు పెరిగితే చేపల వాసనతో పల్చటి స్రావం అవుతుంది. 1955లో అమెరికాలో గార్డ్‌నర్, డ్యూక్స్ అనే ఇద్దరు దీనికి ఒకే ఒక్క బ్యాక్టీరియా కారణమన్నారు. అది రుజువు చేయడానికి జబ్బు ఉన్నవాళ్ళ స్రావం తీసి, ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ళకు అంటించి చూసిన్రు. చదువుతుంటే మాకు ఒళ్ళు మండింది. ఇప్పుడు దీన్ని బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటున్నారు. ఒక్క క్రిమి పని కాదు, మొత్తం గుంపు తారుమారు కావడం అని తేలింది.

ఇప్పుడు మన పక్కకు వద్దాం. ప్రాణహిత దాటితే గడ్చిరోలి. అక్కడ రాణి బంగ్, అభయ్ బంగ్ అనే డాక్టర్ దంపతులు రెండు ఊళ్ళలో 650 మంది ఆడవాళ్ళను పరీక్ష చేసి, 1989లో లాన్సెట్ పత్రికలో రాసిన్రు. 92 శాతం మందికి ఏదో ఒక ఆడ జబ్బు ఉంది. అంతకుముందు ఒక్కసారైనా అట్లాంటి పరీక్ష జరిగినవాళ్ళు 8 శాతమే. అప్పటిదాకా పల్లెటూరి ఆడవాళ్ళ ఆరోగ్యం అంటే సర్కారు లెక్కలో కాన్పు, కుటుంబ నియంత్రణ ఆపరేషను, అంతే. మధ్యలో ఉన్న జీవితమంతా ఎవరూ చూడలే. వీళ్ళు చూసిన్రు, అడిగిన్రు. వాళ్ళ ఆసుపత్రికి అక్కడి ఆదివాసులు కోరుకున్నట్టే దంతేశ్వరి తల్లి పేరు పెట్టిన్రు.

ఇది చదివినంక మాలో ఒకరి చిన్నమ్మను ఫోన్ చేసి అడిగినం. ఆమెకు ఇద్దరు బిడ్డలు ముందే పుట్టిన్రు, ఒక్కడు దక్కలే. "తెల్లబట్ట అయితుండెనా చిన్నమ్మా?" అంటే, చాలాసేపు ఏం మాట్లాడలే. "అయితుండె. వాసన గూడ వస్తుండె. ఎవరికి చెప్తం బిడ్డా" అన్నది. అదే కారణమని మేము అనడం లేదు, అది ఎవరూ తేల్చలేరు. ఎవరూ అడగలేదన్నదే మా బాధ.

1995లో అమెరికాలో 10,397 మంది గర్భిణులను చూస్తే, వెజైనోసిస్ ఉన్నవాళ్ళకు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడం కొంత ఎక్కువని తేలింది. మరి మందు వేస్తే సరిపోతుంది కదా అని మేమూ అనుకున్నం. 2000లో, ఏ ఇబ్బందీ చెప్పని 1,953 మంది గర్భిణుల్లో కొందరికి మెట్రోనిడజోల్ ఇచ్చి చూసిన్రు. వెజైనోసిస్ తగ్గింది, ముందే పుట్టడం తగ్గలే.

2011లో ఇంకో మలుపు. ఆరోగ్యంగా ఉన్న 396 మందిని జన్యు పద్ధతిలో చూస్తే ఐదు రకాల గుంపులు కనిపించినయి. లాక్టోబాసిల్లస్ తక్కువ ఉన్న గుంపు తెల్ల ఆడవాళ్ళలో పదిమందిలో ఒకరికి ఉంటే, నల్లజాతి, హిస్పానిక్ ఆడవాళ్ళలో దాదాపు నలుగురికి ఉంది. వాళ్ళకు జబ్బేం లేదు! అంటే 'నార్మల్' అనే కొలతను ఎవరి ఒంటి మీద కొలిచి పెట్టిన్రు? ఏషియన్ అని ఒకే గడి పెట్టిన్రు. ఫారాల్లో 'ఇతరులు' గడిలో టిక్కు పెట్టి అలవాటైన మనకు ఆ గడి తెలుసు. 2019లో ఎక్కువగా ఆఫ్రికన్ మూలాల ఆడవాళ్ళనే తీసుకుని చూస్తే, ముందే కన్నవాళ్ళలో క్రిస్పేటస్ అనే లాక్టోబాసిల్లస్ తక్కువ ఉన్నది. మన దేశంలో 2015లో గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో గర్భిణుల మీద ఇట్లాంటి పెద్ద అధ్యయనం మొదలైంది. గురుగ్రామ్ ఢిల్లీ పక్కన.

కొంచెం తెల్లబట్ట అందరికీ అయితది, అది జబ్బు కాదు. వాసన, దురద, రంగు మారడం ఉంటే, ముఖ్యంగా కడుపుతో ఉంటే, ఏఎన్ఎమ్‌కు గానీ డాక్టరమ్మకు గానీ చెప్పాలె. ఇబ్బంది ఉన్నవాళ్ళకు మందు ఉంది. సబ్బుతో లోపల కడగొద్దు, ఆ పులుపు పోతుంది.

చిన్నమ్మ బిడ్డకు ఇప్పుడు ఐదో నెల. దండారికి ఇంటికి పోయినప్పుడు సబ్ సెంటర్‌కు ఆమె వెంబడి మేమిద్దరం పోతం. ఏం అడగాలో కాగితం మీద రాసుకున్నం.