గదికి కాదు, మనిషికి వెచ్చదనం

పోయిన డిసెంబరులో మా కరెంటు వాడకం 200 యూనిట్లు దాటింది. గృహజ్యోతి కింద 2024 నుంచి జీరో బిల్లు అందుకుంటున్న ఇల్లు మాది. ఆ నెల మాత్రం మొత్తం డబ్బు కట్టాల్సి వచ్చింది. కారణం, అత్తమ్మకు చలి ఆగడం లేదని కొన్న రూమ్ హీటర్. రెండు వేల వాట్లది, గంటకు రెండు యూనిట్లు. ఆపిన అరగంటకే మహబూబాబాద్‌లోని మా స్లాబు ఇల్లు మళ్లీ చల్లబడేది.

బిల్లు విని అత్తమ్మ చిన్నబోయింది. "నా కోసం గిన్ని పైసలా? ఆ డబ్బ తీసెయ్ బిడ్డా. మీ అమ్మ ఇచ్చిన గొంగడి దించు" అన్నది.

ఆ గొంగడి మా అమ్మగారి ఊరు జనగామ వైపుది. కురుమలు దక్కనీ గొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, నూలుకు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తారు. ఉన్ని పోగుల మధ్య నిలిచిన గాలి ఒంటి వేడిని బయటికి పోనీయదు. 1946 జూలై 4న కడవెండిలో ప్రాణమిచ్చిన దొడ్డి కొమురయ్య కూడా గొర్రెలు కాసే కురుమల ఇంటి బిడ్డే. పొలం కాడ, మంద కాడ ఆ రోజుల్లో మనిషికి పరుపూ దుప్పటీ గొడుగూ అన్నీ గొంగడే.

పాత రోజులన్నీ మంచివని అనను. స్నానానికి నీళ్లు కాగాలంటే అడవికి పోయి కట్టెలమోపు మోసింది ఆడవాళ్లే. పొగకు కళ్లు మండింది వాళ్లకే. 1999లో దీపం పథకం కింద గ్యాసు వచ్చాకే చాలా ఇళ్లలో ఆ బాధ తగ్గింది.

ఇప్పుడు మన బదులు బొగ్గు మండుతోంది. ఇల్లెందు బొగ్గు కోసం 19వ శతాబ్దం చివర్లోనే మా డోర్నకల్ నుంచి రైలుదారి వేశారు. నేడు భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. 2010లో 500 మెగావాట్లు, 2016లో మరో 600 మెగావాట్లు మొదలయ్యాయి. ఇలాంటి కేంద్రాల్లో బొగ్గు వేడిలో ఇంచుమించు మూడో వంతే కరెంటుగా మారుతుంది. ఆ కరెంటును మనం హీటర్‌లో మళ్లీ వేడిగా మారుస్తాం! అందుకే అంత ఖరీదు.

మన పెద్దలు గదిని కాదు, మనిషిని వెచ్చగా ఉంచారు. మేమూ అదే చేశాం. అత్తమ్మకు కింద పాత చీరల బొంత, పైన నూలు దుప్పటి, దాని మీద గొంగడి. దుప్పటి ఉంటే ఉన్ని గుచ్చుకోదు. పొద్దు వాలకముందే కిటికీలు మూస్తాం. బకెట్ నీళ్లు మధ్యాహ్నం ఎండలో పెడితే గీజరు పని సగమే. కుంపటి మాత్రం వద్దు. మూసిన గదిలో బొగ్గుల గాలి ప్రాణం తీస్తుంది.

జనవరిలో మళ్లీ జీరో బిల్లు వచ్చింది. అత్తమ్మ ఆ చీటీ నాతో రెండుసార్లు చదివించుకుంది.