గండి దారిలో డేరాలు



ఆస్ట్రేలియా ఖండమున జనులు మోటారుకారు వెనుక చిన్న యిల్లువంటి చక్రాలబండిని తగిలించుకొని, ఊరు పేరు లేని బీళ్లలోను అడవులలోను ఉన్న జాతీయవనములకు పోవుదురు. అచ్చటనే వండుకొని, ఆ బండిలోనే పండుకొని, కొన్నాళ్లు గడపి మరలివత్తురు. ఈ సంగతి చెప్పినప్పుడు మా చక్రాయపేట ప్రాంతపు పెద్ద లొకరు, "మన గూడుబండికి ఎద్దులు మాని యంత్రము కట్టినారన్నమాట" అని తేల్చివేసిరి. ఆ మాటలో నిజము లేకపోలేదు. ఇంటిని వెంటబెట్టుకొని కొండలలో తిరుగుట మన సీమకు క్రొత్తది కాదు. వేడుకకై తిరిగినవారు మాత్రము తక్కువ. ఒకరు శిస్తు కట్టుటకై తిరిగిరి, ఒకరు పుణ్యమునకై తిరిగిరి.

చక్రాయపేట మండలములోని గండిక్షేత్రము మీలో ననేకులు చూచినదే. నందికొండలలో పుట్టిన పాపఘ్ని, రాయచోటి సీమనుండి వేంపల్లె దిక్కునకు పోవుచు కొండలను నిలువునా చీల్చుకొని పోవుచో టది. పిమ్మట ఆ యేరు కమలాపురము చెంత పెన్నలో కలియును. నేటివలె బాటలు లేని కాలమున ఈ కొండలలో సరకుల రవాణా పెరికయెద్దుల మీదనే జరిగెడిది. లంబాడీలు ఉప్పును ధాన్యమును వేలకొలది యెద్దులపై వేసికొని, తండాలు తండాలుగా పోవుచు, చీకటిపడినచోట బస్తాలనే గోడగా పేర్చుకొని నిదురించెడివారు. బండి పోవుటకు బాట కావలెను, ఎద్దు పోవుటకు అడుగుమోపు చోటు చాలును.

1800వ సంవత్సరమున నిజాము ఈ మండలములను ఇంగ్లీషు కుంపిణీకి ధారాదత్తము చేసెను. అందువలననే దత్తమండలము లన్న పేరు కలిగినది. ఆ పేరు చెవికి సొంపుగా లేదని 1928లో నంద్యాల సభలో రాయలసీమ యని మార్చుకొంటిమి. ఆ దత్తమండలములకు మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు తామస్ మన్రో. 1807 వరకు ఆయన యిచ్చట నుండెను. ఎనుబదిమంది పాలెగాండ్ర కత్తు లింకను ఒరలలోనికి పోని దినము లవి. ఊరూరికి కోట, కోటకొక కొట్లాట. అట్టి దేశమున ఆయన తొలియేండ్లలో ఎక్కువకాలము గడపినది మేడలలో గాదు, డేరాలలో.

డేరా సంచారమున కొక పద్ధతి కలదు. జతగా రెండు డేరాలుండవలెను. దొర యొక డేరాలో నిదురించుచుండగా రెండవది ముందునాటి రాత్రియే పై మజిలీకి పోవును. ఖలాసీలు దానిని మోసికొనిపోయి, మేకులు దిగు నేల చూచి, నీరు దగ్గరగా నున్న తోపులో నిలిపి, కనాతులు కట్టి సిద్ధపరతురు. దొర తెల్లవారుజామున గుఱ్ఱమెక్కి ఆమడ, ఆమడన్నర నడచి, ఎండ ముదురకమునుపే ఆ నీడను చేరుకొనును. అంతలో వెనుకటి డేరా మడతపడి కదలును. వానలో తడిసిన గుడ్డ బరువు రెట్టింపగును. దానిని మోయు ఎద్దు ఏరు దాటునప్పుడు మోకాళ్లపై పడిన దినములుండును. రేవులో ఇసుక మెత్తనైనచో బండిని విప్పి, సామాను తలలమీద దాటించి, వట్టి బండిని మనుష్యులే త్రోయవలసియుండును. పాపఘ్ని యిసుకలో బండి తోలిన మీకు నేను దీనిని వివరింప నక్కరలేదు.

ఈ సంచారమువలన మన్రోకు కలిగిన లాభ మేమన, ఆయన లెక్కలను కచ్చేరీలో గాక చేను గట్టుమీద చూచెను. డేరా యెదుట రెడ్డి, కరణము, కాపు ముగ్గురును నిలుతురు. కరణము చెప్పినది కాపు కాదనును, కాపు చెప్పినది పొరుగూరివాడు కాదనును. కచ్చేరీగోడలలో వినబడని తగవు డేరాలో వినబడును. రైతు రైతునకు వేరుగా పట్టా యిచ్చు రయిత్వారీ పద్ధతి ఆయన బారామహలులో నేర్చి యిచ్చట స్థిరపరచినది. 1802లో ఆరంభించిన పైమాయిషీ ముగిసిన పిదప, 1807లో ఆయన యొక మాట వ్రాసెను: ఈ శిస్తు రైతు భరింపజాలడు, నూటికి ఇరువదియైదు వంతు తగ్గింపవలెను అని. కుంపిణీ దొరతనము వినలేదు. ఆయన సీమకు పోయిన వెంటనే గ్రామములను మొదట మూడేండ్లకు, పిదప పదియేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్త తీసికొన్న రెడ్లలో ననేకులు బాకీపడి చెడిరి, రైతులును చెడిరి. 1820లో మన్రో చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చిన తరువాత గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు. నడుమ పదమూడేండ్లు! ఆ యేండ్లలో చేను విడిచి పోయినవాని చేను ఎవరి పాలైనదో ఆయా గ్రామముల కథలే చెప్పవలెను.

అయినను ఆయనను దేవుని చేయుట నా యుద్దేశము గాదు. ఆయన వచ్చినది శిస్తు వసూలుచేయుటకే. అనంతపురము సీమలో బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొన్నారన్న మాట నిజమే. తిరుమలలో ఆయన పేర గంగాళ మున్న మాటయు నిజమే. కాని డేరా దిగిన యూరికి ఆ డేరా యెంత బరువో పెద్దలైన మీకు తెలియును. కట్టెలు, కుండలు, పచ్చగడ్డి, పాలు, కోళ్లు సమకూర్చువాడు రెడ్డి. మోయువాడు వెట్టివాడు. దొర వెల యిమ్మన్నను ఆ వెల నడుమనున్న బంట్రోతు చేయి దాటి వచ్చుట సందేహము. మా తాతగారు చెప్పెడివారు: వారి చిన్ననాట ఒక దొర ముకాము వచ్చి, విత్తనము వేయు అదనులో ఊరి బండ్లన్నిటిని పట్టుకొనిపోయినదట. బండ్లు తిరిగివచ్చునప్పటికి పదును ఆరిపోయినది. ఆ యేడు కొఱ్ఱ వేయవలసిన చేలు బీడుపడినవి. జమాబందీ ముకా మను మాట వినగానే మా యూరిలో ఎద్దులను కొండకు తోలుట అటుపిమ్మట అలవాటయ్యెనట!

మనవారిలో డేరాలతో దూరదేశములు తిరిగినవారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారిని మించినవారు లేరు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండిన ఆయన 1830 మే 18వ తేదీన సుమారు నూరుమంది పరివారముతో కాశికి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన తిరిగి యిల్లు చేరెను. తిరుపతి, ఒంటిమిట్ట, కడప, దువ్వూరు, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు ఆయన త్రోవ. ఊరూర నీళ్లెట్లున్నవి, అంగళ్లున్నవా, దిగుటకు చోటున్నదా యని వ్రాసికొనుచు పోయెను. వెనుక వచ్చు యాత్రికునికి అక్కరకు వచ్చు వ్రాత యది. నల్లమలలో కందనవోలు నవాబు యాత్రికులవద్ద తీయు పన్నును గూర్చి ఆయనకు గల కోపమును దాచుకొనలేదు. ఆ నవాబీ 1839లో అంతరించినది. ఆ దినచర్య ఆయన మరణానంతరము 1838లో అచ్చయినది. మన్రో డేరా ప్రజలమీద బరువు మోపినది. వీరాస్వామయ్యగారి డేరా ఆయన సొంత సంచిమీద నడచినది. నాకు రెండవదియే గౌరవముగా తోచును.

మన గూడుబండి సంగతి వేరు. శ్రావణ శనివారములలో గండికి పోవు బండిలో బోదలేని వరిగడ్డి, దానిపై బొంత, వెదురుబద్దలను వంచి చాపలు కప్పిన గూడు, క్రింద వ్రేలాడు కందెనగొట్టము, వెనుక కట్టిన నీళ్లకడవ. తోపులో కాడి దించి, నొగలకు ఊత పెట్టినచో అదియే యిల్లు. మూడు రాళ్లు దొరికిన అదియే వంటిల్లు. దాని కెవరి వెట్టియు అక్కరలేదు.

ఇక గండిలోని బంగారు తోరణము మాట. శ్రీరామునికి స్వాగతముగా వాయుదేవుడు రెండుకొండల నడుమ కట్టిన ఆ తోరణము పుణ్యాత్ములకు, అదియును ఆయువు తీరవచ్చినప్పుడే, కానవచ్చునని స్థలపురాణము. మన్రో ఈ దారిని పోవుచు తల యెత్తి దానిని చూచెననియు, పిదప అనతికాలమునకే పరమపదించెననియు మనవారు చెప్పుకొందురు. 1827లో, సీమకు మరలిపోవుటకు ముందు తన పాత మండలములను ఒకమారు చూడగోరి ఆయన మే నెల చివర చెన్నపట్టణము వెడలెను. జూలై మొదట గుత్తి చేరునప్పటికి ముకాములోని సిపాయీలలో వాంతిభేది పుట్టినది. జూలై 6వ తేదీ ఉదయమున పత్తికొండ డేరాలో ఆయనకు అదే జబ్బు తగిలెను. ఆ రాత్రియే మరణించెను.

తోరణమును నమ్మువారిని నేను నిందింపను. కాని ఆ రోగము నీటివలన ప్రాకునని 1854లో లండనునందు స్నో యను వైద్యుడు చూపువరకు, 1884లో కాక్ పండితుడు కలకత్తా చెరువునీటిలో ఆ క్రిమిని చూచువరకు, డేరాలవారికి ఆ గుట్టు తెలియదు. వందలమంది ఒక తోపున దిగి, ఒకే గుంటలో త్రాగుట, కడుగుట, ఎద్దులను దించుట చేయుదురు. మరునాడు వారు పోవుదురు, గుంట ఊరివారికి మిగులును. 1817 తరువాత దేశమున ఆ జబ్బు దండు వెంట, తిరునాళ్ల వెంట నడచినది. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము త్రవ్వించినది బావియే. నాటించినది తోపే. దేహమును మొదట గుత్తిలో పూడ్చి, 1831లో చెన్నపట్టణపు కోటలోని చర్చికి చేర్చిరి.