నీటి యడుగున పునాది

మీలో నూతులు త్రవ్వించినవారు పలువురుందురు. ఊటనీటిని తోడినకొలది చుట్టునున్న మట్టి జారి లోపల పడుట మీరెరిగినదే. ఇంగ్లండు దేశమున వించెస్టరు పట్టణమందలి మహాచర్చికి ఈ చిన్న సంగతియే ప్రాణసంకటమైనది.

ఆ చర్చి తూర్పుభాగమును 13వ శతాబ్ది యారంభమున కట్టిరి. అచ్చటి నేల మెత్తనిది. అడుగున గట్టి కంకరపొర యున్నది గాని, దానిపై ఆకులలములు కుళ్లి యేర్పడిన నల్లమట్టి పరచుకొని యుండెను. కంకరవఱకు పోవుటకు నీరడ్డము. అందుచే నాటి శిల్పులు బీచి మ్రాకుల దుంగలను పరచి, వానిపై గోడలెత్తిరి. వారిని తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు. ఆ దుంగలు ఇంచుమించు ఏడువందల యేండ్లు భారము మోసినవి.

అయినను క్రింది మట్టి యణగుచుండ గోడలు క్రుంగుచు వచ్చెను. 1905 నాటికి అవి యొరిగి, పెద్ద బీటలు వారెను. వాస్తుశిల్పి థామస్ జాక్సను, ఇంజనీరు ఫ్రాన్సిస్ ఫాక్సు కలిసి యాలోచించి, గోడలక్రింద కంకర దాక గోతులు త్రవ్వింప నిశ్చయించిరి. గోతులలో నీరుబికెను. పంపులతో తోడినచో నీటివెంట మట్టియు వచ్చి గోడలు కూలునను భయము.

అప్పుడు విలియం వాకరు అను నీటమునుగు పనివానిని రప్పించిరి. అతడు 1906 మొదలు 1911 వఱకు, దినమునకు ఆరుగంటలు, ఆ మురికినీట పనిచేసెను. అందు దీపము పనికిరాదు. అంతయు చేతి తడవులాటయే. భోజనవేళ శిరస్త్రాణము మాత్రము తీయును. తక్కిన బరువు దుస్తులు విప్పుటకు తీరిక యెక్కడిది? నల్లమట్టిని తొలగించి, కంకరపై కాంక్రీటు సంచులు పరచి, వానిని చీల్చి గట్టిపడనిచ్చెడివాడు. అట్లు అడుగు మూతపడినపిదప నీరు తోడినను మట్టి కదలదు. అంతట తాపీవారు దిగి, గోడ యడుగువఱకు కట్టుకొని వచ్చెడివారు. పట్టిన సంచులు 25,000, కాంక్రీటు దిమ్మెలు 1,15,000, ఇటుకలు 9,00,000.

1912 జూలై 15న జరిగిన కృతజ్ఞతాప్రార్థనకు ఐదవ జార్జి చక్రవర్తి విచ్చేసెను. వాకరునకు రాజగౌరవము లభించెను. 1918లో ఇన్‌ఫ్లుయెంజా జ్వరమున నతడు మరణించెను.

తరువాత అతని పేర నొక చిన్న విగ్రహము నిలిపిరి. చూడగా దానికి వాకరు ముఖము గాక, పొరపాటున ఇంజనీరు ఫాక్సు ముఖము పెట్టియుండిరి! 2001లో దానిని మార్చి, వాకరు రూపము నుంచిరి.